మోకాలికీ మోకాలికీ మధ్య

సోమవారం పొద్దున్నే గ్రూపుగారు వడ్రంగి కొట్లోకి వచ్చి, మేస్త్రీకి ఎదురుగా నిలబడి, ఫోన్లో మెసేజ్ కొట్టాడు. కొట్టడం పూర్తయ్యాక మేస్త్రీకి ఫోన్ లేదన్న సంగతి గుర్తొచ్చి నాలిక కరుచుకున్నాడు.

గ్రూపుగారంటే వెనకవీధిలో మునిసిపాలిటీ కట్టించిన నలభై ఎనిమిది ఇళ్ళ భవనానికి కార్యదర్శి. ఆ ఇళ్ళన్నిటి ఫోన్ గ్రూపు నడిపేది ఆయనే. నీళ్ళు రాకపోయినా, లిఫ్టు ఆగినా, పై ఇంటివాళ్ళు మంచం జరిపినా, అన్నీ ఆ గ్రూపులోనే. నెట్టు లేకపోతే రోజు నెట్టుకురాలేని మనిషి.

మేస్త్రీ కాపురం కూడా ఆ భవనంలోనే, రెండో అంతస్తులో. చేతిలో చిత్రిక ఆపి, చెక్క పొరలు దులుపుకున్నాడు.

"ఆ వైపు నుంచి కాదు సార్, ఇటు రండి. అది మూసేసిన కౌంటరు."

ముప్ఫై ఏళ్ళు కోత మిషను పక్కన నిలబడ్డ పుణ్యమా అని మేస్త్రీ కుడిచెవి పనిచెయ్యదు. దాని మీద పెన్సిలు పెట్టుకుంటాడు. పెడచెవిన పెట్టడమంటే ఇదేనని కనిపించిన ప్రతివాడికీ చెబుతాడు. నవ్వకపోతే, పాపం వినపడలేదేమోనని రెట్టింపు గొంతుతో మళ్ళీ చెబుతాడు.

గ్రూపుగారు ఎడమవైపుకి వచ్చాడు. "పదకొండు," అన్నాడు.

"అంగుళాలా?"

"మనుషులయ్యా. నిన్న సాయంత్రం మన భవనం కింద కొత్త హాల్లో ఉన్నవాళ్ళు. మొన్న తొమ్మిది. శనివారం ఆరు నుంచి ఏడు దాకా మునిసిపల్ ఆఫీసు వాళ్ళు చూస్తారట. ఆ గంటలో ముప్ఫై మంది ఉంటే హాలు మనకి ఉంటుంది. లేకపోతే పార్సిళ్ళ గది చేసేస్తారు. నేల నుంచి కప్పు దాకా ఇనప గూళ్ళు."

"ఎవరు చూస్తారు? మనిషొస్తాడా?"

"మనిషీ వస్తాడు. కానీ లెక్క తెల్లడబ్బాది."

తెల్లడబ్బా హాలు పైకప్పుకి బిగించి ఉంది, అన్నం పళ్ళెమంత. చిన్న ఆకుపచ్చ దీపం మిణుకుమంటూ, రాత్రీ పగలూ లెక్క పంపుతుంటుంది.

మేస్త్రీ చెక్కని తిరగేశాడు. ఆ హాలు మీద అతనికో ఆశ ఉంది. ఎవరికీ చెప్పలేదు. మెట్ల మీద మనుషులు నడుస్తూ మాట్లాడతారు. లిఫ్టులో తల తిప్పేసి మాట్లాడతారు. ఇంట్లో ఫోను చూసుకుంటూ గడ్డంలోకి మాట్లాడతారు. మాటలో సగం అతనికి అందదు. అందని సగానికి నవ్వి ఊరుకుంటాడు. ఎదురుగా కూర్చున్న మనిషి మాట ఒక్కటే పూర్తిగా అతనిది. కింద హాలు కడుతున్నారంటే, బల్లలు తననే చెయ్యమంటే, ఇంకేం, నా చెవికి మంచిరోజులొచ్చాయి అనుకున్నాడు.

సాయంత్రం వెళ్ళి చూశాడు. నాలుగు గోడలకీ నాలుగు పొడుగాటి బల్లలు, తను చేసినవే, గీత తేడా లేకుండా. ప్రతి బల్ల వీపుకీ వరసగా ప్లగ్గులు. పదిమంది కూర్చున్నారు, తలో ప్లగ్గు దగ్గర తలో తీగ పట్టుకుని, సెలైన్ ఎక్కించుకుంటున్న పేషెంట్లలా. మధ్యలో నేల ఖాళీగా మెరుస్తోంది. ఎవరికి వందశాతం నిండితే వాళ్ళు లేచి వెళ్ళిపోతున్నారు.

ఈ హాలు పటం గ్రూపులో పెడితే డెబ్భై ఒక్క బొటనవేళ్ళు పైకి లేచాయి. కూర్చునేది బొటనవేళ్ళ మీద కాదు కదా సార్ అని మేస్త్రీ అప్పుడే అన్నాడు. అన్నది గ్రూపులో కాదు గనక ఎవరూ వినలేదు.

*

మంగళవారం డిజైనరమ్మ వచ్చింది. పాతికేళ్ళుంటాయేమో. సంచిలో లాప్‌టాప్, జేబులో సుద్దముక్క. తను గీసిన మొదటి హాలు ఇదే. వస్తూనే నేల మధ్యలో నిలబడి చుట్టూ చూసింది.

"ఫొటోలో బాగుంది మేస్త్రీగారూ," అంది, తనలో తను అనుకున్నట్టు.

"ఫొటోలో నేనూ బావుంటానమ్మా. మా ఆవిణ్ణి అడుగు, ఇంట్లో ఎలా ఉంటానో చెబుతుంది."

ఆమె నవ్వలేదు. మేస్త్రీ ఈసారి రెట్టించలేదు. ఆమెని ఒక గోడ దగ్గర కూర్చోబెట్టి, ఎదుటి గోడ దగ్గర తను కూర్చున్నాడు.

"ఇప్పుడు నాకో సంగతి చెప్పు. ఊళ్ళో సంగతి కాదు, నీ సంగతి."

ఆమె ఏదో చెప్పింది.

"వినపడలా."

మళ్ళీ చెప్పింది.

"ఇంకాస్త."

"ఇంత గట్టిగా సొంత సంగతులు ఎవరైనా చెప్తారా?" అని అరిచింది. ఆ అరుపు గోడలకి తగిలి తిరిగొచ్చింది. బయట మెట్లెక్కుతున్న ఒకాయన ఆగి లోపలికి తొంగిచూశాడు.

"అదీ సంగతి," అన్నాడు మేస్త్రీ. లేచి వెళ్ళి ఆమె బల్ల మీదే పక్కన కూర్చున్నాడు. ఆమె కుడివైపున ఉంది. మాట్లాడుతుంటే అతను మెడ తిప్పాడు, నడుం తిప్పాడు, చివరికి ఒక కాలు ఎత్తి బల్ల మీద పెట్టి గుర్రమెక్కినట్టు కూర్చుంటే గానీ ఆమె మూతి కనపడలేదు.

"చెవులు రెండూ బాగున్నవాళ్ళు కూడా మెడ నొప్పెడితే మాట ఆపేస్తారమ్మా. వాళ్ళకి తెలీదు, అంతే. నాకు తెలుసు."

కొట్లోంచి తెచ్చిన రెండు చెక్క మొద్దులు నేల మధ్యలో వేశాడు. ఎదురెదురుగా. తన మోకాలికీ ఆమె మోకాలికీ మధ్య చెయ్యి పెట్టి కొలిచాడు, మోచేతి నుంచి వేలికొస దాకా.

"మూరెడు. ఇంతకన్నా తగ్గితే అవతలి మనిషి వెనక్కి జరుగుతుంది. పెరిగితే గొంతు పెరుగుతుంది. ఊఁ, చెప్పు."

ఆమె కాసేపు సుద్దముక్క వైపు చూసింది. తరవాత చాలా నెమ్మదిగా అంది: "ఈ హాలు పోతే మా ఆఫీసులో నన్ను మళ్ళీ పార్కు చెత్తబుట్టలు గీయమంటారు. మూడేళ్ళు అవే గీశాను."

ప్రతి అక్షరం అతనికి వినపడింది.

"చెత్తబుట్టలూ ఎవరో ఒకరు గీయాలి," అన్నాడు. "కానీ నువ్వు హాళ్ళు గీయి."

అప్పుడు నవ్వింది. నవ్వి, మొద్దు మీంచి లేచి, మళ్ళీ కూర్చుని, ఇబ్బందిగా కదిలింది. "దూరం సరిగ్గానే ఉంది. కానీ ముక్కుకి ముక్కు సూటిగా పెడితే ఎవరూ కూర్చోరు మేస్త్రీగారూ. పోలీసు స్టేషన్లా ఉంటుంది. కళ్ళకి పక్కకి పోయే దారుండాలి. మాట ఆగినప్పుడు చూసుకోడానికి ఏదో ఒకటి."

తన మొద్దుని కాలితో కాస్త పక్కకి తిప్పింది. ఇప్పుడు తల ఎత్తితే మేస్త్రీ ముఖం, చూపు జారితే కిటికీ, కిటికీ అవతల వీధి.

మేస్త్రీ అటూ ఇటూ తల తిప్పి చూశాడు. ముప్ఫై ఏళ్ళుగా బల్లలు చేస్తున్నాడు గానీ, ఈ ముక్క అతనికి తట్టలేదు. "బల్లలు చేసేవాణ్ణి, బల్ల గుద్ది చెప్పే హక్కు నాకే ఉందనుకున్నా," అన్నాడు. "తిప్పు. అన్నీ అలాగే తిప్పు."

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని నేల నిండా సుద్దగీతలు గీసింది.

*

బుధవారం కోత. నాలుగు పొడుగు బల్లలూ బయట వరండాలో పడుకోబెట్టి, మేస్త్రీ మూలమట్టం ఆనించి పెన్సిలు గీత గీశాడు. గీత మీద కాదు, గీత పక్కన కోశాడు, గీత చెక్కలో మిగిలేలా. చేసిన చేత్తోనే కొయ్యడం ఎవరికైనా కష్టమే. కాకపోతే రంపానికి కోతే తప్ప కోతలు రావు, నోరు మూసుకుని తన పని తను చేసుకుపోయింది. నాలుగు బల్లలు ఎనిమిదయ్యాయి. తెగిన చోట కొత్త కాళ్ళు కావాలి. బరమాతో బెజ్జాలు వేసి, కొయ్యమేకులకి జిగురు రాసి దింపి, తడిగుడ్డతో పొంగిన జిగురు తుడిచాడు. అంచులన్నీ గరుకు కాగితంతో పట్టి, తొడ వెనకభాగానికి గుచ్చుకోకుండా గుండ్రం చేశాడు. కూర్చినవాడికే కదా తెలుస్తుంది కూర్చునేవాడి బాధ.

"మరి ప్లగ్గులో?" గ్రూపుగారు తల పట్టుకున్నాడు. బల్లలు గోడ వదిలేసరికి వాటి వీపున ఉన్న తీగలన్నీ తెగిన తోకల్లా వేలాడుతున్నాయి.

"కరెంటు మేస్త్రీ వచ్చే వారం దాకా ఖాళీ లేడట," అన్నాడు మేస్త్రీ.

"ప్లగ్గులు లేకపోతే జనం ఎందుకొస్తారయ్యా?"

మేస్త్రీ పెన్సిలు పెడచెవిన పెట్టాడు. ఆ ప్రశ్నని కూడా దాని పక్కనే పెట్టాడు.

*

గురువారం ఆరింటికి మొట్టమొదట దిగినావిడ మూడో అంతస్తు మామ్మగారు. ఆవిడకి ఫోన్ లేదు, ఉన్నా పట్టించుకునే మనిషి కాదు. వచ్చి బల్లని చేత్తో నొక్కి చూసి, "ఇదేమన్నా ఊగుతుందా నాయనా?" అంది.

"ఊగితే నన్నడగండి. ఊయలగా మార్చిస్తా."

తరవాత కుర్రకారు, ఉద్యోగాల నుంచి వచ్చినవాళ్ళు, ఫోన్లు పట్టుకుని దిగారు. ప్లగ్గుల కోసం గోడలు తడిమారు. లేవు. విసుక్కుంటూ పైకి వెళ్ళి, ఇంట్లో ఫోను చార్జింగుకి పెట్టి, చేసేదేం లేక, అది నిండేదాకా గంట గడపాలి గనక, వట్టిచేతులతో మళ్ళీ దిగారు.

"ఫోను పైన చార్జింగులో ఉంది," అన్నాడు ఒకడు, ఒంటిమీద చొక్కా మర్చిపోయినవాడిలా సిగ్గుపడుతూ.

"నువ్వూ ఇక్కడ పెట్టుకో చార్జింగు," అని మామ్మగారు పక్కకి జరిగింది.

పంపుల మేస్త్రీ భవనం నీళ్ళ ట్యాంకు కడుగుతుంటే అడుగున దొరికిన పళ్ళసెట్టు సంగతి ఎత్తాడు. పైన పధ్నాలుగు, కింద పధ్నాలుగు, చెక్కుచెదరలేదట. ట్యాంకు మూత తీసేది తనొక్కడే. మరి పళ్ళు ఎలా ఎక్కాయి అంత పైకి?

"కొరుక్కుంటూ ఎక్కాయేమో," అంది మేస్త్రీ భార్య.

అందరూ నవ్వారు. మేస్త్రీ కూడా అందరితోపాటే, సరిగ్గా ఆ క్షణానే నవ్వాడు. మామూలుగా అయితే నలుగురూ నవ్వాక, వాళ్ళ ముఖాలు చూసి, కాస్త ఆలస్యంగా నవ్వేవాడు. భార్య అది గమనించింది. అతని వైపు చూసి, ఇంకో ముక్క అంది, ఈసారి అతని మీదే: "మా ఇంట్లో జోకులకి రెండు ఆటలు. మొదటి ఆట నాకు, రెండో ఆట పక్కింటివాళ్ళకి." అదీ వినపడింది. ఈవిడ నోట్లో ఇంత సామాను ఉందా అని తెల్లబోయాడు.

ఏడు దాటాక లెక్కపెట్టుకుంటే దగ్గర దగ్గర ముప్ఫై అయిదుగురు.

*

శుక్రవారం పొద్దున గ్రూపుగారు కొట్లోకి మేకులా దిగబడ్డాడు. ఈసారి గుర్తుపెట్టుకుని ఎడమవైపు నుంచే వచ్చాడు.

"నాలుగు."

"ఏం నాలుగు?"

"నిన్నటి లెక్క. తెల్లడబ్బా పంపింది. నువ్వు ముట్టుకోక ముందు పదకొండు. కోసి, తిప్పి, గుండ్రం చేసి, నాలుక్కి తెచ్చావు."

"మీరూ ఉన్నారు కదా సార్ నిన్న. కూర్చోడానికి చోటు లేక నిలబడ్డారు కూడాను."

"నేను చూసింది ఆఫీసుకెందుకయ్యా? లెక్క నాలుగు."

డిజైనరమ్మకి కబురు పెట్టారు. ఆమె డబ్బా అమర్చిన కంపెనీకి ఫోను చేసి, చాలాసేపు ఊఁ కొట్టి, తిన్నగా కొట్లోకి వచ్చి స్టూలు మీద కూలబడింది.

"అది తలలు లెక్కపెట్టదు మేస్త్రీగారూ. ఫోన్లు లెక్కపెడుతుంది. చేతిలో ఫోను ఉంటేనే మనిషి కింద లెక్క."

మేస్త్రీ చిత్రిక పక్కన పెట్టాడు. నెలన్నరగా ఆ డబ్బా కింద కూర్చుని, పోతూ వస్తూ దానికో నమస్కారం కూడా పెడుతున్నాడు. అయితే దాని దృష్టిలో తను ఎన్నడూ ఆ హాల్లో అడుగు పెట్టలేదన్నమాట. మామ్మగారూ పెట్టలేదు.

గ్రూపుగారి ముఖం మాత్రం విప్పారింది. "అంతేనా? అయితే సులువే." బొటనవేళ్ళు చకచకా కదిలాయి. అందరూ సాయంత్రం ఫోన్లతో రావాలి, పాతవి ఉంటే అవీ తేవాలి, హాలు వైఫైకి కలపాలి, రేపటికి ఇది రిహార్సలు.

సాయంత్రం ఆరున్నరకి లెక్క నలభై నాలుగు. గ్రూపుగారు హాలు గుమ్మంలో నిలబడి అది చూపిస్తూ మురిసిపోయాడు. మామ్మగారి చేతిలో తన పాత ఫోను పెట్టాడు. ఆవిడ దాన్ని రెండు వేళ్ళతో, ఎవరిదో ఎంగిలి గిన్నె పట్టుకున్నట్టు పట్టుకుంది.

మేస్త్రీ బల్ల మీద కూర్చున్నాడు. ఎదురుగా మూరెడు దూరంలో పంపుల మేస్త్రీ. "ఆ పళ్ళసెట్టు సంగతి ఏమైంది?" అని అడిగాడు.

పంపుల మేస్త్రీ తల ఎత్తకుండా, "ఆఁ" అన్నాడు. తరవాత గడ్డంలోకి ఇంకేదో అన్నాడు.

హాలంతా నిండుగా ఉంది. ఒక్క మాట లేదు. మేస్త్రీ తన మంచి చెవి మీద తట్టి చూసుకున్నాడు, ఇదీ పోయిందేమోనని.

లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. "సార్, రేపు ఫోన్లు వద్దు."

"పిచ్చా? అవి ఉంటేనే హాలు ఉంటుంది."

"ఫోన్లకి హాలు ఎందుకు సార్? వాటికి డ్రాయరు చాలు. నలభై నాలుగింటికి సరిపోయేది గంటలో చేసిస్తా."

"హాలు పోతే నీదే పూచీ."

"నాదే," అన్నాడు మేస్త్రీ, హాలు మొత్తానికీ వినపడే గొంతుతో. "ఇలా ఉంటే మాత్రం ఉన్నట్టేంటి? గూళ్ళు వాళ్ళు పెట్టక్కర్లేదు, మనమే గూళ్ళల్లో కూర్చున్నాం."

గ్రూపుగారు గ్రూపులో పెట్టనన్నాడు. మేస్త్రీ పెట్టమనలేదు. మెట్లెక్కి మొదటి తలుపు తట్టాడు. ఆ సాయంత్రం ఇరవై మూడు తలుపులు, మర్నాడు పొద్దున తనది తప్ప మిగతా ఇరవై నాలుగు. ప్రతి గుమ్మంలోనూ ఎడమచెవి ముందుకు పెట్టి నిలబడ్డాడు. ఒక్కటే మాట: ఆరింటికి మీరు దిగండి, ఫోన్ని దించకండి.

నాలుగో అంతస్తులో ఒకావిడ జాలిపడింది. "ఒక్క మెసేజ్ పెట్టిస్తే పోయేది కదా, ఇన్ని మెట్లెందుకు ఎక్కడం?"

"పెట్టిస్తే మీ తలుపు కింద అరగంగుళం అరిగి చలిగాలి కొడుతోందని నాకెలా తెలిసేది? ఆదివారం వచ్చి పట్టీ కొడతాను."

గ్రూపుగారి తలుపూ తట్టాడు. ఆయన విన్నాడు. తలుపు వేసుకున్నాడు.

*

శనివారం ఆరింటికి మునిసిపల్ ఆఫీసు నుంచి తనిఖీ ఆయన వచ్చాడు. చంకలో అట్ట, అట్టకి క్లిప్పు, క్లిప్పుకి ఒక కాగితం. గుమ్మంలో ఆగి ఫోను తీసి చూసుకున్నాడు. తల ఎత్తి హాలు చూశాడు. మళ్ళీ ఫోను చూశాడు. పైకి చూసి, ఆకుపచ్చ దీపం వెలుగుతోందని రూఢి చేసుకున్నాడు.

"కార్యదర్శిగారెవరు?"

"నేనే," అన్నాడు గ్రూపుగారు గోడవార నుంచి.

"ప్రస్తుతం హాజరు, ఒకటి," అని చదివాడు తనిఖీ ఆయన. "ఇది నా ఫోనే అనుకుంటా."

అప్పుడు అందరూ మెల్లగా గ్రూపుగారి వైపు తిరిగారు. ఆయన ఎర్రబడి, రెండు జేబులూ బయటికి లాగి చూపించాడు. ఒక దాంట్లో తాళంచెవి, ఇంకో దాంట్లో చేతిరుమాలు.

"పైన చార్జింగులో ఉంది," అన్నాడు.

మేస్త్రీ ఆయన వైపు చూసి, పెన్సిలు తీసి మళ్ళీ చెవిన పెట్టుకున్నాడు.

"నిలబడతావేం నాయనా," అంటూ మామ్మగారు జరిగి, నలుగురు పట్టే బల్ల మీద అయిదో మనిషిగా తనిఖీ ఆయన్ని ఇరికించింది. మేస్త్రీ ఆ బల్ల మీదే, ఆయనకి ఎడమపక్కన ఉన్నాడు. తనిఖీ ఆయన తలలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పదిహేడు దాకా వచ్చేసరికి ఇద్దరు చోట్లు మార్చుకున్నారు. మళ్ళీ మొదలుపెడితే ఇరవై దగ్గర ఎవరో మంచినీళ్ళు అందించారు. మూడోసారి మామ్మగారు ఆయన మోకాలి నొప్పి గురించి అడిగింది. మోకాలి నొప్పి నిజంగానే ఉంది. చెప్పక తప్పలేదు.

చివరికి పక్కకి వంగి, "బల్లలు చేసింది మీరట కదా, ఎంతమంది ఉంటారంటారు?" అని అడిగాడు.

మేస్త్రీ పలకలేదు.

"అది పెన్సిలు వైపు," అంది మామ్మగారు. "ఎదురుగా వెళ్ళి అడుగు."

పంపుల మేస్త్రీ లేచి చోటిచ్చి, ఈ బల్ల మీదికి వచ్చి ఇరుక్కున్నాడు. తనిఖీ ఆయన ఎదుటి బల్ల మీద కూర్చున్నాడు. మోకాలికీ మోకాలికీ మధ్య మూరెడు. గొంతు పెంచకుండానే మళ్ళీ అడిగాడు.

మేస్త్రీ తలలు లెక్కపెట్టలేదు. చెక్కలు లెక్కపెట్టాడు. "ఎనిమిది బల్లలు, నాలుగేసి మంది, ముప్ఫై రెండు. కిటికీ గట్టు మీద డిజైనరమ్మతో ముగ్గురు. నిలబడ్డవాళ్ళు, అదిగో కార్యదర్శిగారితో ఇద్దరు. ముప్ఫై ఏడు."

తనిఖీ ఆయన కాగితం మోకాలి మీద పెట్టుకుని జేబులోంచి పెన్ను తీశాడు. ఎండిపోయింది. మేస్త్రీ చెవి మీంచి పెన్సిలు తీసిచ్చాడు. మొదటి గడిలో ఆయన 'ఒకటి' అని రాశాడు. గ్రూపుగారి గొంతులోంచి చిన్న మూలుగు వచ్చింది.

"ఇది డబ్బా గడి," అన్నాడు తనిఖీ ఆయన. "దాని కింద ఇంకోటుంది, చూసొచ్చిన మనిషి రాసేది. రెంటికీ తేడా వస్తే మనిషి రాసిందే చెల్లుతుంది. నియమం అదే. ఏడేళ్ళుగా చేస్తున్నానీ పని, అవసరం పడలేదు, ఎప్పుడూ ఖాళీగానే వదిలేశా."

పెన్సిలు ములికి చూసుకుని, నెమ్మదిగా, గుండ్రంగా రాశాడు: ముప్ఫై ఎనిమిది. నాతో కలిపి.

డిజైనరమ్మ కిటికీ గట్టు మీంచి దిగి, మళ్ళీ ఎక్కి కూర్చుంది. గ్రూపుగారు ఆ శుభవార్త చెప్పడానికి ఫోను కోసం జేబు తడుముకున్నాడు. లేదు. చెప్పాల్సినవాళ్ళంతా ఎదురుగానే ఉన్నారు. రుమాలు తీసి ముఖం తుడుచుకున్నాడు.

తనిఖీ ఆయన పెన్సిలు తిరిగిచ్చాడు గానీ లేవలేదు. ఏడింటి దాకా ఉండాలి, అదీ నియమమే. పంపుల మేస్త్రీ గొంతు సవరించుకుని ట్యాంకు మూత తీసిన దగ్గర్నుంచి మళ్ళీ అందుకున్నాడు. తనిఖీ ఆయన ముందుకి వంగి, మేస్త్రీ ముందుకి వంగి, మధ్యలో ఉన్న మూరెడూ జానెడైంది.

"ఇంతకీ ఆ పళ్ళసెట్టు ఎవరిది?" అన్నాడు తనిఖీ ఆయన.

అందరూ పంపుల మేస్త్రీ నోటి వైపు చూశారు. మామ్మగారొక్కతే పెదాలు బిగించి, కళ్ళు పక్కకి జార్చి, డిజైనరమ్మ ఉంచిన దారెంట కిటికీలోంచి వీధిలోకి చూస్తూ కూర్చుంది.